లాటినో చిన్నారుల్లో ఊబకాయం: ఐదేళ్లలోపే అడ్డుకునేందుకు అమెరికా చేసిన ప్రయత్నాలు ఏం నేర్పాయి?

అమెరికాలో 2 నుంచి 19 ఏళ్ల వయసు వారిలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఊబకాయం ఉంది. లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల పిల్లల్లో ఈ నిష్పత్తి నలుగురిలో ఒకరిని దాటింది. ఆ దేశంలోని బాలల్లో సుమారు నాలుగో వంతు ఈ కుటుంబాలకు చెందినవారే. బడిలో చేరకముందే ఈ సమస్యను అడ్డుకోవాలని అక్కడి ఆసుపత్రులు, పోషకాహార పథకాలు, విశ్వవిద్యాలయాలు రెండు దశాబ్దాలకు పైగా కృషి చేస్తున్నాయి. ఆ ప్రయత్నాల్లో కొన్ని ఫలించాయి, కొన్ని విఫలమయ్యాయి, మరికొన్ని మొదట ఫలించి తర్వాత నీరుగారాయి. తల్లిదండ్రులకు సలహా ఇవ్వడం అవసరమే గాని అదొక్కటే చాలదని ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే తెలుస్తుంది. సలహా ఏ వయసులో మొదలైంది, ఎంతకాలం సాగింది, ఇంటికి వచ్చే ఆహారంలో మార్పు వచ్చిందా అన్న మూడు అంశాలూ ఫలితంపై ప్రభావం చూపాయి.

గణాంకాలు ఏం చెబుతున్నాయి?

అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం (సీడీసీ) 2017 నుంచి 2020 మార్చి వరకు జరిపిన జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే ప్రకారం 2-19 ఏళ్ల వారిలో 19.7 శాతం మందికి ఊబకాయం ఉంది. సంఖ్యాపరంగా వీరు సుమారు 1.47 కోట్ల మంది. హిస్పానిక్ పిల్లల్లో ఇది 26.2 శాతం, నల్లజాతి పిల్లల్లో 24.8 శాతం, శ్వేతజాతి పిల్లల్లో 16.6 శాతం, ఆసియా మూలాలున్న పిల్లల్లో 9 శాతంగా నమోదైంది.

వయసుతో పాటు సమస్య పెరుగుతోంది. అన్ని వర్గాలనూ కలిపి చూస్తే 2-5 ఏళ్ల వారిలో 12.7 శాతంగా ఉన్న ఊబకాయం 6-11 ఏళ్ల వారిలో 20.7 శాతానికి, 12-19 ఏళ్ల వారిలో 22.2 శాతానికి చేరింది.

లాటినో, హిస్పానిక్, లాటినెక్స్: ఈ పేర్ల అర్థమేమిటి?

హిస్పానిక్ అంటే స్పానిష్ భాషా మూలాలున్నవారు. లాటినో అంటే లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవారు. అమెరికా జనగణన ఈ రెండింటినీ కలిపి ఒకే వర్గంగా లెక్కిస్తుంది. 2020 జనగణన ప్రకారం వీరి జనాభా 6.21 కోట్లు, అంటే మొత్తం జనాభాలో 18.7 శాతం. వీరిలో అత్యధికుల మూలాలు మెక్సికోలో ఉన్నాయి. ప్యూర్టో రికో, క్యూబా, ఎల్ సాల్వడార్, డొమినికన్ రిపబ్లిక్, గ్వాటెమాలా వంటి ప్రాంతాల నుంచి వచ్చినవారూ ఉన్నారు.

స్పానిష్‌లో నామవాచకాలకు స్త్రీ, పుం లింగభేదం ఉంటుంది. పురుషుడైతే లాటినో, స్త్రీ అయితే లాటినా. ఈ భేదం లేకుండా అందరికీ వర్తించే పదంగా లాటినెక్స్ అమెరికా విశ్వవిద్యాలయాల్లోనూ పరిశోధన పత్రాల్లోనూ వ్యాప్తిలోకి వచ్చింది. అయితే ప్యూ పరిశోధన కేంద్రం 2024లో వెల్లడించిన సర్వేలో తమను తాము ఆ పేరుతో పిలుచుకుంటామని చెప్పిన హిస్పానిక్ వయోజనులు 4 శాతమే. అందువల్ల ఈ కథనంలో లాటినో అన్న పదాన్నే వాడుతున్నాం. పరిశోధకులు వాడే మాటకూ ఇళ్లలో పలికే మాటకూ మధ్య ఉన్న ఈ దూరం ఆరోగ్య సలహాల్లోనూ కనిపిస్తుంది.

పిల్లల్లో ఊబకాయాన్ని ఎలా నిర్ధారిస్తారు?

పెద్దల్లో బీఎంఐ 30 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. ఎదిగే పిల్లలకు ఇలా ఒకే అంకె సరిపోదు. కాబట్టి రెండేళ్లు నిండినవారి బీఎంఐని అదే వయసు, అదే లింగానికి చెందిన పిల్లల ప్రామాణిక పట్టికతో పోల్చి చూస్తారు. 85 నుంచి 95వ పర్సెంటైల్ లోపు ఉంటే అధిక బరువు, 95వ పర్సెంటైల్ లేదా అంతకు మించితే ఊబకాయం. రెండేళ్లలోపు శిశువులకు బీఎంఐ బదులు పొడవుకు తగిన బరువును ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ఆధారంగా చూస్తారు.

పర్సెంటైల్ లెక్క ప్రకారం అందరికన్నా పైనున్న 5 శాతం మందికే ఊబకాయం ఉండాలి కదా, ప్రతి ఐదుగురిలో ఒకరికి ఎలా ఉంటుందన్న సందేహం రావచ్చు. ఈ పట్టికలను 1960ల నుంచి 1990ల ఆరంభం వరకు జరిగిన సర్వేల ఆధారంగా రూపొందించారు. అంటే నేటి పిల్లలను వెనకటి తరాల పిల్లలతో పోలుస్తున్నారు. ఆనాడు నూటికి ఐదుగురు దాటిన గీతను ఈనాడు నూటికి దాదాపు 20 మంది దాటుతున్నారు.

ఐదేళ్లలోపు కాలమే ఎందుకు కీలకం?

కిండర్‌గార్టెన్‌లో చేరేనాటికి అధిక బరువున్న పిల్లలు, సాధారణ బరువున్నవారితో పోలిస్తే, 14 ఏళ్లు వచ్చేసరికి ఊబకాయులయ్యే అవకాశం నాలుగు రెట్లు అధికమని న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 2014లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. 1998లో కిండర్‌గార్టెన్‌లో చేరిన 7,700 మందికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి ఈ నిర్ధారణకు వచ్చారు. బాల్యంలో మొదలైన ఊబకాయం టైప్-2 మధుమేహం, అధిక రక్తపోటు, కాలేయంలో కొవ్వు పేరుకోవడం వంటి సమస్యలకు దారితీస్తుంది.

రుచులు, ఆకలి తీరిందన్న గుర్తింపు, నిద్ర వేళలు స్థిరపడేదీ ఈ తొలి ఏళ్లలోనే. గర్భిణికి బరువు అధికంగా పెరగడం, పుట్టిన కొన్ని నెలల్లోనే శిశువు వేగంగా బరువెక్కడం, నాలుగు నెలలు నిండకముందే ఘనాహారం మొదలుపెట్టడం, నిద్ర చాలకపోవడం, పడకగదిలో టీవీ ఉండటం, తీపి పానీయాలు తరచుగా ఇవ్వడం వంటివి ముప్పును పెంచే అంశాలు. వీటిలో చాలావరకు శ్వేతజాతి పిల్లల కన్నా లాటినో పిల్లల్లో అధికంగా ఉన్నట్లు 2010లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం గుర్తించింది. రెండు వర్గాల మధ్య అంతరానికి బీజాలు బడి వయసుకు ముందే పడుతున్నాయన్నమాట.

పేదరికంలో ఊబకాయం

ఆకలి, ఊబకాయం పరస్పర విరుద్ధమైనవిగా తోస్తాయి. కానీ ఒకే ఇంట్లో రెండూ ఉండవచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం 2023లో దేశంలోని 13.5 శాతం కుటుంబాలు ఆహార అభద్రతను ఎదుర్కోగా, హిస్పానిక్ కుటుంబాల్లో ఇది 21.9 శాతం. నెలాఖరుకు డబ్బు నిండుకున్నప్పుడు తక్కువ ఖర్చుతో కడుపు నింపే ఆహారానికే మొగ్గు చూపుతారు. అటువంటి ఆహారంలో చక్కెర, నూనె, మైదా పాళ్లు ఎక్కువ. తాజా కూరగాయల దుకాణం దూరంగా ఉండటం, తల్లిదండ్రులిద్దరూ వేళకాని వేళల్లో పనిచేయాల్సి రావడం, పిల్లలు ఆడుకునేందుకు భద్రమైన స్థలం లేకపోవడం వీటికి తోడవుతాయి.

సంప్రదాయ ఆహారమే దీనికి కారణమన్న అభిప్రాయం సరికాదు. మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడు గింజలు, గుమ్మడి, టమాటా, నాగజెముడు ఆకుల కూర మెక్సికో గ్రామీణ భోజనంలో ప్రధానమైనవి. పీచు, మాంసకృత్తులు సమృద్ధిగా ఉండే ఈ భోజనం స్థానంలో వలస తర్వాత శీతల పానీయాలు, పొట్లాల్లోని చిరుతిళ్లు, ఫాస్ట్‌ఫుడ్ చేరడమే అసలు మార్పు. పలు కార్యక్రమాల్లో పోషకాహార నిపుణులు కొత్త వంటకాలు నేర్పడం కన్నా పాత వంటకాలను నిలుపుకోవాలని చెప్పేందుకే ప్రాధాన్యమిస్తున్నారు.

‘బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం’

స్పానిష్‌లో గోర్దో అంటే లావుపాటివాడు. దానికి ముద్దు ప్రత్యయం చేరిస్తే గోర్దీతో, ఆడపిల్లయితే గోర్దీతా. ఇది నిందావాచకం కాదు, చంటిబిడ్డను ఎత్తుకుని పిలిచే ముద్దుపేరు. తెలుగు ఇళ్లలో బొద్దుగా ఉన్నాడని మురిసిపోవడం, దిష్టి తగులుతుందని బుగ్గన చుక్క పెట్టడం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. దిష్టిని పోలిన నమ్మకం లాటిన్ అమెరికాలోనూ ఉంది. దాన్ని మాల్ దె ఓహో అంటారు.

పసిపిల్లలు తిండి చాలక, విరేచనాలతో, అంటువ్యాధులతో చనిపోయిన కాలాన్ని చూసిన తరానికి బిడ్డ ఒంటి మీద కండ ఉండటం ప్రాణానికి భరోసా. లాటినో కుటుంబాల్లో పిల్లల పెంపకంలో అమ్మమ్మ, నానమ్మల మాటకు విలువ ఎక్కువ. బిడ్డ ఏడిస్తే ఆకలేనని, పళ్లెం ఖాళీ అయితేనే కడుపు నిండినట్లని వారు భావిస్తారు. చాలామంది తల్లులు స్తన్యం ఇవ్వడం మొదలుపెట్టినా బిడ్డకు చాలదేమోనన్న బెంగతో తొలి రోజుల్లోనే పోతపాలు కూడా పడతారు. ఈ అలవాటుకు స్పానిష్‌లో ‘రెండూ’ అనే అర్థంలో లాస్ దోస్ కోసాస్ అన్న పేరే స్థిరపడింది.

ఇటువంటి ఇంట్లో వైద్యుడు పర్సెంటైల్ పట్టిక చూపి మీ బిడ్డకు ఊబకాయమని చెబితే అది తల్లి పెంపకంపై తీర్పులా వినిపిస్తుంది. అందుకే అమెరికా శిశువైద్యుల అకాడమీ నింద ధ్వనించని మాటలు వాడాలని వైద్యులకు సూచిస్తోంది. సలహాను తల్లికే పరిమితం చేయకుండా పెద్దలను కూడా సమావేశాలకు పిలవడం, ప్రొమోతోరాలుగా పిలిచే స్థానిక ఆరోగ్య కార్యకర్తల ద్వారా ఇళ్లకు చేరడం వంటి పద్ధతులు ఈ అవగాహన నుంచి వచ్చినవే.

ప్రయోగాలు ఏం తేల్చాయి?

షికాగోలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల కోసం హిప్-హాప్ టు హెల్త్ జూనియర్ పేరిట ఆటపాటలతో కూడిన పోషకాహార పాఠాలు నిర్వహించారు. నల్లజాతి పిల్లలు అధికంగా ఉన్న కేంద్రాల్లో బీఎంఐ పెరుగుదల మందగించింది. అదే కార్యక్రమాన్ని లాటినో పిల్లలున్న కేంద్రాల్లో అమలు చేయగా చెప్పుకోదగిన తేడా కనిపించలేదని 2006లో ఫలితాలు వెలువడ్డాయి. ఒక సమూహంలో ఫలించిన పాఠాన్ని భాష మార్చి మరో సమూహానికి అందిస్తే అదే ఫలితం వస్తుందన్న హామీ లేదని ఈ అనుభవం హెచ్చరించింది.

టెనసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో గ్రో పేరుతో జరిగిన ప్రయోగం ఇంకా విస్తృతమైనది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్న 610 కుటుంబాలు ఇందులో పాల్గొన్నాయి. వారిలో 90 శాతానికి పైగా లాటినోలు, అందరూ అల్పాదాయ వర్గాలవారు. మొదట వారం వారం తరగతులు, తర్వాత ఫోన్‌లో మార్గదర్శనం, ఆపై స్థానిక పార్కులు, వినోద కేంద్రాల వినియోగానికి ప్రోత్సాహం. ఇలా మూడేళ్లు సాగింది. పిల్లలు తీసుకునే కేలరీలు తగ్గినట్లు తల్లిదండ్రులు తెలిపారు. కానీ మూడేళ్ల వ్యవధిలో బీఎంఐ విషయంలో రెండు బృందాల మధ్య గణనీయమైన తేడా లేదని 2018లో జామా పత్రిక ప్రచురించింది.

న్యూయార్క్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి బెల్‌వ్యూలో చేపట్టిన స్టార్టింగ్ ఎర్లీ కార్యక్రమం మరింత ముందుగా, గర్భం చివరి నెలల్లోనే మొదలైంది. అల్పాదాయ హిస్పానిక్ కుటుంబాలకు చెందిన 533 మంది తల్లులు, వారి శిశువులు ఇందులో భాగమయ్యారు. టీకాలకు, సాధారణ పరీక్షలకు వచ్చిన రోజునే స్పానిష్ మాట్లాడే పోషకాహార నిపుణులు తల్లులను బృందాలుగా కూర్చోబెట్టి మాట్లాడేవారు. బిడ్డ ఏడుపు ఎప్పుడు ఆకలిని, ఎప్పుడు నిద్రను సూచిస్తుందో, కడుపు నిండితే ఎలా ముఖం తిప్పుకుంటుందో వివరించేవారు. 18 నెలలకు, రెండేళ్లకు ఈ పిల్లల సగటు బరువు సూచిక ఇతర పిల్లల కన్నా తక్కువగా నమోదైంది. మూడేళ్లు వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోయింది. ఊబకాయుల శాతంలో మాత్రం ఏ దశలోనూ తేడా కనిపించలేదు.

ఆరు వైద్య కేంద్రాల్లో 900 కుటుంబాలతో జరిగిన గ్రీన్‌లైట్ ప్లస్ అధ్యయనం 2024లో వెలువడింది. ఇందులో పాల్గొన్నవారిలో దాదాపు సగం మంది హిస్పానిక్‌లు. నవజాత దశ నుంచి రెండేళ్ల వరకు ఒక బృందానికి ఆసుపత్రిలో సరళమైన భాషలో సలహా మాత్రమే ఇచ్చారు. మరో బృందానికి దానితో పాటు ఆంగ్లంలో గాని స్పానిష్‌లో గాని ఫోన్ సందేశాలు పంపారు. కుటుంబం తానే ఒక లక్ష్యాన్ని ఎంచుకోవడం, దాని సంగతేమిటని సందేశం అడగడం, జవాబును బట్టి తగిన సూచన ఇవ్వడం ఈ పద్ధతి. రెండేళ్ల వయసులో సందేశాలు అందిన బృందంలో 7.4 శాతం, అందని బృందంలో 12.7 శాతం పిల్లల్లో ఊబకాయం కనిపించింది.

పుట్టుక సమయానికి దగ్గరగా మొదలైన ప్రయత్నాలు ఫలితమిచ్చాయి, మూడేళ్ల తర్వాత మొదలైనవి తడబడ్డాయి. కానీ తొలి రెండేళ్లలో సాధించిన మేలు దానంతట అది నిలవదని బెల్‌వ్యూ అనుభవం చెబుతోంది. తోడ్పాటు ఎంతకాలం కొనసాగాలన్నదే ఇప్పుడు పరిశోధకుల ముందున్న ప్రశ్న.

రేషన్ మారితే బరువు మారిందా?

అల్పాదాయ గర్భిణులు, బాలింతలు, ఐదేళ్లలోపు పిల్లలకు అమెరికా ప్రభుత్వం విక్ అనే పథకం ద్వారా ఆహార పదార్థాలు, పోషకాహార సలహా అందిస్తోంది. 1972లో ప్రయోగాత్మకంగా చట్టరూపం దాల్చిన ఈ పథకం 1975లో శాశ్వతమైంది. మన అంగన్‌వాడీల ద్వారా అందే అనుబంధ పోషకాహారంతో దీన్ని స్థూలంగా పోల్చవచ్చు. తేడా ఏమిటంటే ఇక్కడ లబ్ధిదారులు నిర్దేశిత సరుకులను దుకాణంలోనే కొనుక్కుంటారు. లబ్ధిదారుల్లో లాటినో కుటుంబాల వాటా గణనీయం.

2009లో ఈ సరుకుల జాబితాను సమూలంగా మార్చారు. పండ్ల రసం తగ్గించారు. రెండేళ్లు దాటిన పిల్లలకు కొవ్వు తగ్గించిన పాలు నిర్దేశించారు. ముడి ధాన్యపు ఆహారాన్ని చేర్చారు. గోధుమ రొట్టెకు బదులు మొక్కజొన్న టోర్టిల్లాలు తీసుకునే వీలు కల్పించారు. పండ్లు, కూరగాయల కోసం పిల్లలకు తొలుత నెలకు 6 డాలర్ల కూపన్ ఇచ్చారు. సీడీసీ లెక్కల ప్రకారం ఈ పథకంలోని 2-4 ఏళ్ల పిల్లల్లో ఊబకాయం 2010లో 15.9 శాతం కాగా 2016 నాటికి 13.9 శాతానికి తగ్గింది. 2018లో అది తిరిగి 14.4 శాతానికి పెరిగింది. ఈ తగ్గుదలకు కొత్త జాబితా ఒక్కటే కారణమని చెప్పలేకపోయినా, తల్లికి చెప్పిన సలహాకు అనుగుణమైన సరుకులు సంచిలోకి రావడం ఒక ముఖ్యమైన మార్పు. 2024లో జాబితాను మళ్లీ సవరించి రసాన్ని ఇంకా తగ్గించారు. అప్పటికి పిల్లల పండ్లు, కూరగాయల కూపన్ 26 డాలర్లకు చేరింది.

అయితే అర్హత ఉన్నవారందరూ ఇటువంటి పథకాలకు ముందుకు రావడం లేదు. ప్రభుత్వ సాయం పొందితే శాశ్వత నివాస అనుమతికి అడ్డంకి కావచ్చన్న నిబంధనను 2020 ఫిబ్రవరిలో విస్తరించి అమలు చేశారు. విక్ పథకం ఆ నిబంధన పరిధిలో లేదు. అయినా భయంతో పలు వలస కుటుంబాలు వివిధ పథకాలకు దూరమయ్యాయి. 2021 మార్చిలో ఆ విస్తరణను ఉపసంహరించుకున్నా భయం వెంటనే తొలగిపోలేదు. బిడ్డ పాల కోసం దరఖాస్తు చేస్తే తండ్రి నివాస హక్కుకు ముప్పు రావచ్చని అనుమానించే ఇంటికి పోషకాహార పాఠం చేరడం కష్టం.

వైద్యులు ఇస్తున్న ప్రధాన సూచనలు

తొలి ఆరు నెలలు వీలైనంతవరకు తల్లిపాలే ఇవ్వాలి. ఘనాహారాన్ని సుమారు ఆరు నెలల వయసులో ప్రారంభించాలి. నాలుగు నెలలకు ముందు ఇవ్వరాదు.

ఏడాది నిండేవరకు పండ్ల రసం ఇవ్వకూడదు. ఒకటి నుంచి మూడేళ్ల వరకు రోజుకు 4 ఔన్సులు, అంటే సుమారు 120 మిల్లీలీటర్లు మించరాదు. రసం కన్నా పండు మేలు. రెండేళ్లలోపు పిల్లల ఆహారంలో అదనపు చక్కెర ఉండకూడదని అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాలు (2020-25) స్పష్టం చేశాయి.

ఏడాది దాటిన ఆరోగ్యవంతమైన పిల్లలకు టాడ్లర్ మిల్క్ పేరిట అమ్మే పొడులు అవసరం లేదని శిశువైద్యుల అకాడమీ 2023లో పేర్కొంది.

ఏం తినాలి, ఎప్పుడు తినాలి అన్నది పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలన్నది బిడ్డకు వదిలేయాలి. బలవంతంగా కుక్కడం, ఏడుపు మాన్పేందుకు తినిపించడం తగదు.

ఒకటి నుంచి రెండేళ్ల వారికి పగటి కునుకులతో కలిపి 11-14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వారికి 10-13 గంటలు నిద్ర అవసరం. ఏడాది నుంచి నాలుగేళ్ల వరకు పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు కదలికతో కూడిన ఆటల్లో ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఎదిగే పిల్లలకు పెద్దల్లా ఆహార నియమాలు విధించి బరువు తగ్గించే ప్రయత్నం వైద్యుల పర్యవేక్షణ లేకుండా చేయరాదు. చాలా సందర్భాల్లో ఎత్తు పెరుగుతుండగా బరువు నిలకడగా ఉండేలా చూడటమే లక్ష్యం.

భారతీయ పాఠకులకు దీనితో సంబంధమేమిటి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం కాగా 2019-21 నాటికి 3.4 శాతానికి పెరిగారు. అదే సర్వేలో ఎత్తుకు తగిన బరువు లేని పిల్లలు 19.3 శాతం. తక్కువ బరువే మనకు ఇప్పటికీ పెద్ద సమస్య. అయినా రెండూ పక్కపక్కనే ఎదిగే పరిస్థితి ఏర్పడుతోంది. బొద్దుతనాన్ని ఆరోగ్యంగా భావించే పెద్దలు, ఊరికి దూరంగా పనిచేసే తల్లిదండ్రులు, ఇంటి వంటను పక్కకు నెడుతున్న పొట్లాల తిండి ఇక్కడా ఉన్నాయి.

లాటినో కుటుంబాల అనుభవం నుంచి మనం తీసుకోదగినది ఒక ఆహార పట్టిక కాదు, ఒక క్రమం. గర్భిణిగా ఉన్నప్పుడే తల్లితో మాట్లాడటం, నానమ్మను కూడా ఆ మాటల్లో భాగం చేయడం, చెప్పిన ఆహారం ఆ ఇంటికి అందేలా చూడటం, బిడ్డకు రెండేళ్లు నిండగానే తోడ్పాటును ఆపేయకుండా బడి వయసు వరకు కొనసాగించడం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఏం జరుగుతుందో షికాగో, నాష్‌విల్, న్యూయార్క్ ప్రయోగాలు చూపించాయి.